ఆరున్నర సైజు

ఆ పిల్ల చేతికి గ్లోవ్స్ ఆరున్నర.
మా స్టోర్లో ఆ సైజు ఎప్పుడూ ఉండదు.
ఏడున్నర తొడుక్కుని
వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడుతుంటే
బొమ్మ చేతికి కాన్యులా పెట్టడం నేర్చుకుంది
బేతపూడి కెజియా,
రెండో సంవత్సరం, రోల్ నంబరు పందొమ్మిది.

సోమవారాలు రాదు.
శనివారం మధ్యాహ్నం నుంచే కనపడదు.
నేను ఎర్ర సిరాతో గీసుకుంటూ పోయాను.
ఎర్ర సిరాకి కారణాలు అక్కర్లేదు,
గడి నిండితే చాలు.
"సినిమాలు ఎక్కువైనయ్ వీళ్లకి"
అన్నారెవరో స్టాఫ్ రూంలో.
అవునన్నాను నేను కూడా.
దాచి ఏం లాభం, అన్నాను.

మార్చి నెల గుంటూరు.
గాలే దగ్గుకుంటూ తిరుగుతుంది ఆ నెల్లో.
యార్డు నుంచి టిక్కీలేసుకొచ్చే ఆటోల వెనక
ఊరంతా తుమ్ముకుంటూ నడుస్తుంది.

పెద్దాసుపత్రి, పిల్లల వార్డు, తొమ్మిదో మంచం.
తాడికొండ నుంచి తెచ్చిన బుడ్డోడు, జ్వరం.
కంటి పుసి తుడవమన్నాను కెజియాని.
గ్లోవ్స్ అయిపోయాయి.
చేతులు కడుక్కునే వచ్చింది,
రెండుసార్లు కడుక్కోవడం నేను చూశాను.
దూది తడిపి, మెల్లగా, నేను చెప్పినట్టే
ముక్కు వైపు నుంచి చెవి వైపుకి.

వాడు పెట్టిన కేక
పై అంతస్తు దాకా వినపడింది.

వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చి
కెజియా చెయ్యి లాక్కుని వాసన చూసింది.
పదిహేడేళ్ల ట్యూటర్ని, నేను కాదు.
ఆవిడ చూసింది.
"కాయలు తొడిమలు తీస్తన్నావా అమ్మా?"
తిట్టలేదు.
"సబ్బుకి పోదది. నేనూ ఆ పనికే పోతా.
మజ్జిగలో నానబెట్టుకోవాల"
అంటూ కొడుకుని చంకనెత్తుకుని
కుళాయి దగ్గరికి నడిచింది.

రాత్రి హాస్టల్ మెట్ల మీద
ఒక్క మాటే చెప్పింది కెజియా.
"ఫీజు గవర్నమెంటు వేస్తుంది మేడమ్.
అది పడిందాకా మెస్సు ఆగదు గదా."
వేళ్లు చాపితే
గోళ్ల మూలల్లో నా రిజిస్టరు రంగు.

హాజరు డెబ్భై ఒకటి. పరీక్షకి ఎనభై కావాలి.

తర్వాత జరిగింది పెద్ద కథేం కాదు.
నైట్ డ్యూటీ సిస్టర్ విమలాక్షి
ఖాళీ హార్లిక్స్ సీసా కడిగి
ఇంజెక్షన్ ట్రే పక్కన పెట్టింది.
రాత్రి టీ మానుకున్నవాళ్లు పది వేశారు,
మానుకోలేనివాళ్లు సిగ్గుపడి ఇరవై వేశారు.
వార్డుబాయ్ నాగుల్‌మీరా యాభై వేసి
నెలాఖర్లో ముప్పై వెనక్కి తీసుకున్నాడు,
చెప్పే తీసుకున్నాడు.
మెస్సులో ఆదెమ్మ ప్లేట్లు లెక్కపెట్టేటప్పుడు
పద్దెనిమిది తర్వాత ఇరవై అనేది.
ప్రిన్సిపాల్ గారు ముప్పావుగంట చివాట్లేసి
పోయిన డ్యూటీలన్నీ సెలవుల్లో చెయ్యమని
కాయితం మీద సంతకం పెట్టారు.

నేనేం చేశాను?
ఇండెంటులో రాశాను, గ్లోవ్స్, ఆరున్నర, రెండు పెట్టెలు.
మూడుసార్లు తిరిగొచ్చింది.
అంత చిన్న చేతులు ఎవరికున్నాయని అడిగారు.
నాలుగోసారి రాయలేదు,
కొత్తపేట వెళ్లి కొనుక్కొచ్చాను.

కెజియా ఇప్పుడు మూడో సంవత్సరం.
నెలల పిల్లల నరం కూడా
ఒక్క పోటుకి దొరకబుచ్చుకుంటుంది,
నాకంటే నయం.

ఇరవై ఆరో నంబరు మంగాదేవి మాత్రం
అంతకు ముందు డిసెంబరులోనే
ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని
మాచర్ల బస్సెక్కింది.
ఎందుకని అడగలేదు నేను.
అప్పటికి ఆ సీసాలో
ఇంకా హార్లిక్సే ఉంది.

ఇప్పుడు ఎవరైనా సోమవారం రాకపోతే
సిరా సీసా మూత తియ్యను.
మంగళవారం దాకా ఆగి
చేతులు చాపమంటాను.
వంగి చూస్తాను.

గోళ్లు చూస్తున్నాననుకుంటారు పిల్లలు.